నాయనమ్మ పిలుపు వినపడేంత నిశ్శబ్దం

మే నెల, ఆఖరి ఆదివారం.

పొద్దున అయిదున్నరకే లేచాను. ఎండ ఎక్కకముందే నేను గేమ్‌లాడే కంప్యూటర్ సిస్టమ్ విప్పాలని రాత్రే అనుకున్నాను. రోహిణి కార్తె వచ్చేసింది. మాది విజయవాడ మొగల్రాజపురంలో కొండ పక్కన, పై అంతస్తు. పగలంతా శ్లాబు కాలుస్తుంది, పొద్దుపోయాక కొండ రాయి తన వంతు మొదలెడుతుంది. రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి వేసినా వెచ్చగానే ఉంటుంది.

ఈ పని పెట్టుకున్నది గేమ్ బాగా ఆడాలని కాదు. మంగళవారం రాత్రి నాయనమ్మ నన్ను పిలిచింది. నాకు వినపడలేదు.

మా ఇద్దరిదీ ఒకటే గది. కిటికీ వైపు ఆమె మంచం, తలుపు వైపు నా టేబుల్. ఏసీ గాలి ఆమె ఆయాసానికి పడదు కాబట్టి గదిలో సీలింగ్ ఫ్యానే. ఆ రాత్రి రేసింగ్ గేమ్ ఆడుతున్నాను. కంప్యూటర్లో గేమ్ బొమ్మలు గీసే భాగం, గ్రాఫిక్స్ కార్డు, దాని ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. ఆ మోత భరించలేక చెవులు పూర్తిగా మూసుకుపోయే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. నాయనమ్మకి ఆయాసం వచ్చింది. ఇన్‌హేలర్ కోసం తడుముకుంటే అది మంచం కిందకి దొర్లిపోయింది. మూడుసార్లు పిలిచిందట. చివరికి చేతికర్రతో నేల మీద కొట్టింది. ఆ అదురు కాళ్లకి తగిలి వెనక్కి తిరిగాను. ఇన్‌హేలర్ తీసిచ్చి, నీళ్లు తాగించి, వీపు రాస్తూ కూర్చున్నాను. "ఏం కాలేదులే నాన్నా, పడుకో" అంది. నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి గేమ్ తెరవలేదు. నిన్న రాత్రి ఒక్క అరగంట తెరిచాను, అదీ కొలతల కోసం.

నా కార్డు ఆర్‌టీఎక్స్ 3070. 2020 అక్టోబరులో వచ్చిన రకం. అప్పట్లో కొనడం నా వల్ల కాలేదు, మైనింగ్ చేసేవాళ్లే, అంటే కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించేవాళ్లే, మొత్తం ఎగరేసుకుపోయేవారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ నాణెం పద్ధతి మారి కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయాక, వాడిన కార్డులు మార్కెట్లోకి వచ్చాయి. అలా వచ్చినదే ఇది. దీని రేటింగ్ 220 వాట్లు. ఈ 220 వాట్లంటే ఏమిటో వేసవిలోనే బాగా తెలుస్తుంది. తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారి ఈ గదిలోకే వస్తుంది. ఎండాకాలంలో, ఆయాసం ఉన్న మనిషి పక్కన, రెండొందల వాట్ల హీటర్ వేసి పెట్టినట్టే.

నిన్న రాత్రి రాసుకున్న అంకెలు ఇవి. గది 36 డిగ్రీలు. కార్డు 83. లోపల అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు, హాట్ స్పాట్, 97. ఫ్యాన్లు నిమిషానికి 2400 చుట్లు. ఈ కార్డుకి దాని చిప్ తయారుచేసే ఎన్విడియా చెప్పిన గరిష్ఠం 93 డిగ్రీలు కాబట్టి కాలిపోతుందన్న భయం లేదు. ఆ 83 దగ్గర నిలబెట్టడానికి ఫ్యాన్లు పడే అవస్థే నా బాధ.

పాత కార్డు అనగానే విప్పి, చిప్ మీద వేడి దాటడానికి పూసే పేస్టు మార్చేయమంటారు చాలామంది. నేను ముందు హాట్ స్పాట్‌కీ మామూలు ఉష్ణోగ్రతకీ తేడా చూశాను. 14 డిగ్రీలు. పేస్టు ఎండిపోయి చిప్‌కీ, దాని వేడిని లాగే రేకుల దిమ్మ హీట్‌సింక్‌కీ మధ్య పట్టు పోతే ఈ తేడా పాతిక, ముప్ఫై దాకా పోతుంది. పధ్నాలుగు అంటే పేస్టు ఇంకా బాగానే ఉన్నట్టు. బాగున్నదాన్ని విప్పితే మెమరీ చిప్‌ల మీద వేడి దాటడానికి అంటించిన మెత్తటి ప్యాడ్లు చిరుగుతాయి, అదే మందం ప్యాడ్లు మళ్లీ వెతుక్కోవాలి. ముట్టుకోలేదు.

కంప్యూటర్ పెట్టెని, అంటే క్యాబినెట్‌ని, బాల్కనీలోకి మోసుకెళ్లి పక్క పలక తీశాను. కార్డు రేకుల మధ్య దుమ్ముతో పాటు తెల్లటి నూగు దట్టంగా పేరుకుని ఉంది. మొదట బూజనుకున్నాను. వేలితో తీస్తే పత్తి. నాయనమ్మ రోజూ మంచం మీద కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటుంది. ఆ నూగు నేల మీదుగా దొర్లి, కింద పెట్టిన క్యాబినెట్‌లోకి వెళ్లి, రేకుల మధ్య వడపోత గుడ్డలా పరుచుకుంది. గాలి దూరే సందే లేదు. ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాను. పట్టుకోకపోతే ఆ గాలికి రెక్కలు అదుపు లేకుండా తిరిగి బేరింగు పాడవుతుంది. లోపల బిగుసుకున్నదాన్ని మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా లాగాను. ముప్పావు గంట పట్టింది.

తిరిగి ఆన్ చేశాక గాలి ఎటు వెళ్తోందో చూడాలనిపించింది. నాయనమ్మ పూజ ముగించి లేచింది, అగరుబత్తి ఇంకా సగం ఉంది. అడిగి తెచ్చుకున్నాను. ముందు ఫ్యాన్ల దగ్గర పెడితే పొగ చక్కగా లోపలికి వెళ్లింది. వెనక ఫ్యాన్ దగ్గర పెట్టాను. అక్కడ పొగ బయటికి తోసుకు రావాలి. అదీ లోపలికే పోయింది.

రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. సిస్టమ్ బిగించిన షాపులో వెనక ఫ్యాన్‌ని తిరగేసి పెట్టారు. మోటారుని పట్టుకునే పుల్లలు ఏ వైపు ఉంటాయో గాలి ఆ వైపుకి వస్తుంది. నా ఫ్యాన్‌కి ఆ పుల్లలు లోపలి వైపున్నాయి. ఏడాదిన్నరగా ముందునుంచీ వెనకనుంచీ గాలి లోపలికే తోసుకొస్తోంది, కార్డు వదిలిన వేడిగాలి సరిగ్గా బయటికి పోలేక అక్కడే సుడి తిరుగుతోంది, దాన్నే కార్డు మళ్లీ పీల్చుకుంటోంది. నాలుగు స్క్రూల పని. బిగించినవాళ్లు ఒక్కసారి చూసుకుని ఉంటే అయిపోయేది. చాలా కోపం వచ్చింది. ఏడాదిన్నర పాటు ఆ మోత నాయనమ్మ చెవిలో పడింది.

ఫ్యాన్ తిప్పి బిగించాను. గోడకీ బీరువాకీ మధ్య ఇరికించిన క్యాబినెట్‌ని ఇవతలికి లాగాను. నూగు మళ్లీ పట్టకుండా నేల నుంచి ఎత్తులో ఉండాలని నాయనమ్మ చెక్క పీట అడిగాను. "దాని మీద పెడతావా? పెట్టుకో, జాగ్రత్త" అంది.

మళ్లీ అదే గేమ్, అదే ట్రాక్. కార్డు 74. తొమ్మిది డిగ్రీలు తగ్గిందని సంబరపడబోయి ఆగాను. పొద్దున గది 33లో ఉంది, నిన్న రాత్రి 36. కార్డు వేడిని ఎప్పుడూ గది వేడి తీసేసి చూడాలి. నిన్న గది మీద 47 ఎక్కువ, ఇవాళ 41. అంటే నిజంగా తగ్గింది ఆరు డిగ్రీలే. జనవరిలో కార్డు చల్లగా ఉందని మురిసిపోయేవాళ్లు మేలో కంగారు పడేది ఈ తీసివేత చేయకే. ఏ ఫ్యానూ కార్డుని గది కన్నా చల్లబరచలేదు.

నాయనమ్మ మంచం మీంచి చూస్తూనే ఉంది. కార్డు కింద మెరుస్తున్న రాగి గొట్టాల్ని చూసి "అవేంట్రా, నీళ్లు పోతాయా వాటిలో?" అంది. నేను ఆశ్చర్యపోయాను. నిజంగానే వాటిలో నీళ్లుంటాయి, కొద్ది చుక్కలు. లోపల గాలి తీసేసి మూసేస్తారు కాబట్టి ఆ నీళ్లు తక్కువ వేడికే ఆవిరైపోతాయి. చిప్ దగ్గర ఆవిరై, వేడిని మోసుకుని రేకుల వైపు పరిగెత్తి, అక్కడ చల్లబడి మళ్లీ నీళ్లవుతాయి. గొట్టం లోపలి గోడకి దీపం వత్తి లాంటి పొర ఉంటుంది. వత్తి నూనెని పైకి పీల్చినట్టే అది నీళ్లని తిరిగి చిప్ దగ్గరికి లాక్కొస్తుంది. వత్తి అనగానే ఆమెకి అర్థమైపోయింది. "అయితే మా వట్టివేళ్ల తడికల్లాంటిదే" అంది. వాళ్ల చిన్నప్పుడు కిటికీలకి తడికలు కట్టి, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లేవారట. నీళ్లు ఆవిరవుతూ గాలిలో వేడిని తీసుకుపోయేవి, గదంతా వట్టివేళ్ల వాసన. అక్కడ నీళ్లు మళ్లీ చల్లాలి, ఇక్కడ అవే నీళ్లు తిరిగొస్తాయి. తేడా అంతే. ఎనిమిదేళ్లుగా కార్డుల గురించి చదువుతున్నాను, నా కార్డులో ఏం జరుగుతోందో నాకింత కళ్లకు కట్టింది ఇవాళే. ఆ తర్వాత ఆమె తడికలు అల్లే మనిషి గురించి, బందరు కాలవలో ఈతల గురించి చాలాసేపు చెప్పింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి విన్నాను.

మధ్యాహ్నం అసలు పని మొదలెట్టాను. వేడిని తోలెయ్యడం ఎంత బాగా చేసినా, పుట్టే వేడి తగ్గకపోతే మోత తగ్గదు. కార్డుకిచ్చే వోల్టేజీ తగ్గించాలి. వేగం అదే ఉన్నప్పుడు, లెక్కలు చేయడానికి పట్టే కరెంటు వోల్టేజీ వర్గంతో, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెతో పాటు మారుతుంది. నా కార్డు పూర్తి పనిలో 1.05 వోల్టుల దగ్గర నడుస్తోంది. దాన్ని 0.9కి దించితే ఆ ఒక్క మార్పుతోనే నాలుగో వంతు పైగా మిగులుతుంది. కంపెనీలు ఎక్కువ పెట్టి ఇవ్వడంలో తప్పేమీ లేదు. అన్ని చిప్‌లూ ఒకలా రావు, బలహీనమైన చిప్ కూడా తడబడకుండా నడవాలని కొంత వెసులుబాటు ఉంచుతారు.

కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ తెరిచి కంట్రోల్, ఎఫ్ నొక్కితే ఏ వోల్టేజీకి చిప్ ఎంత వేగమో చూపే గీత వస్తుంది. మొదట ఆశగా 850 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్ పెట్టి, దాని కుడివైపు గీతనంతా చదునుగా దించాను. మూడు నిమిషాల్లో గేమ్ మూసుకుపోయింది. 875కి పెంచాను, ఇరవై నిమిషాలు నడిచి మళ్లీ అదే. దీనివల్ల కార్డుకి ఏమీ కాదు, రీస్టార్ట్ చేస్తే పాత గీతే వస్తుంది. సిస్టమ్ ఆన్ అవగానే కొత్త గీత దానంతటదే అమలయ్యేలా చేసే బటన్ మాత్రం, అంతా కుదురుకునేదాకా నొక్కకూడదు. 900 పెట్టబోతుండగా కరెంటు పోయింది.

నాయనమ్మ తాటాకు విసనకర్ర తీసింది. నేను అందుకుని విసిరాను. గంటన్నర. సీలింగ్ ఫ్యాన్ కూడా ఆగిపోయిన గదిలో ఆమె ఊపిరి స్పష్టంగా వినిపించింది. లోపలికి తీసుకునేటప్పుడు బాగానే ఉంది, వదిలేటప్పుడు సన్నటి పిల్లికూత. రోజూ రాత్రి ఈ శబ్దం ఇక్కడ ఉంటోంది. నేనే చెవులు మూసుకుని కూర్చుంటున్నాను.

కరెంటు వచ్చాక 900 మిల్లీవోల్టులు, 1800 మెగాహెర్ట్జ్. గంట సేపు కదలకుండా నిలబడింది. 220 వాట్లు 165కి దిగాయి. కార్డు గీసే బొమ్మలు, ఫ్రేములు, సెకనుకి 92 వచ్చేవి 89 వచ్చాయి. ఆ మూడు ఫ్రేముల కోసం 55 వాట్ల వేడి భరించాను ఇన్నాళ్లూ. అసలు నా మానిటర్ చూపించేదే సెకనుకి 60. మిగతావి గీసి పారేయడమే. ఫ్రేముల్ని 60 దగ్గర కట్టేస్తే 125 వాట్లకి వచ్చింది.

ఇక ఫ్యాన్ల సంగతి. మామూలుగా ఈ కార్డు కాస్త చల్లబడగానే ఫ్యాన్లని పూర్తిగా ఆపేస్తుంది, వేడెక్కగానే మళ్లీ లేపుతుంది. నిశ్శబ్దంగా ఉంటుందని పెట్టిన ఏర్పాటే గానీ మా గదిలో అది పని చేయదు. నాయనమ్మ నిద్ర చెడేది పెద్ద చప్పుడుకి కాదు, చప్పుడు మారినప్పుడు. సీలింగ్ ఫ్యాన్ అయిదు మీద రాత్రంతా గిర్రున తిరిగినా ఆమె కదలదు. కార్డు ఫ్యాను హఠాత్తుగా లేచి పడిపోతే ఉలిక్కిపడుతుంది. అందుకని ఆగిపోవడం తీసేసి కనీసం 30 శాతం మీద ఎప్పుడూ తిరిగేలా పెట్టాను. ఎంత వేడికి ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీతని నిటారుగా కాకుండా ఏటవాలుగా గీశాను. హిస్టెరిసిస్ అనే గడి ఉంది, అందులో 5 వేశాను. వేడి అయిదు డిగ్రీలు తగ్గేదాకా ఫ్యాను వేగం తగ్గించదు, కాబట్టి ఒక్క డిగ్రీ ఊగిసలాటకి పైకీ కిందకీ గెంతదు. చాలామంది ఈ గడిని వదిలేస్తారు. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే.

రాత్రి పదిన్నర. గది 35. కార్డు 67, అంటే గది మీద 32. ఫ్యాన్లు 1400 చుట్లు. ఫ్యాను వేగం సగమైతే దాని చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. నాది సగం దాకా రాలేదు, దగ్గరికొచ్చింది. సీలింగ్ ఫ్యాన్ కింద దాని చప్పుడు కలిసిపోయింది, వెతికితేనే దొరుకుతోంది.

హెడ్‌ఫోన్స్ టేబుల్ మీదే ఉంచి, స్పీకర్లు సన్నగా పెట్టి నలభై నిమిషాలు ఆడాను. ఒకసారి దగ్గింది, విన్నాను. ఒకసారి గోడ వైపు ఒత్తిగిలింది, మంచం కిర్రుమంది. ఇన్‌హేలర్‌కి చిన్న తాడు కట్టి మంచం పట్టీకి వేలాడదీశాను, ఇక కిందకి దొర్లదు.

పడుకునే ముందు నాయనమ్మ పీట సంగతి గుర్తు చేసింది. గురువారం ఆవకాయ పెడుతుందట, కూర్చోవడానికి అదే కావాలి, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటే నడుం పట్టేస్తుంది. మేడ మీద నాలుగు ఇటుకలున్నాయి. రేపు కడిగి ఆరబెట్టాలి.