మా వ్యూ యాప్‌లో కాంపొనెంట్లను సర్దిన నా అనుభవం

మా ఆఫీసులో స్కూళ్ల ఫీజులు, హాజరు చూసుకునే యాప్ ఒకటి ఉంది. వెబ్ స్క్రీన్లు కట్టడానికి వాడే వ్యూ (Vue) అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ రెండో వెర్షన్, అంటే వ్యూ 2లో రాసింది. 2023 డిసెంబర్ 31తో వ్యూ 2కి అధికారికంగా సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి వ్యూ 3కి మార్చక తప్పలేదు, ఆ పని నాకు వచ్చింది. సింటాక్స్ మార్పులు ఓపిక ఉంటే అయిపోతాయి. అసలు పనంతా కాంపొనెంట్స్ (స్క్రీన్‌ని కట్టే విడివిడి ముక్కలు) అనే ఒకే ఒక్క ఫోల్డర్ దగ్గర పడింది. బటన్, టేబుల్, రసీదు, హాజరు క్యాలెండర్, గ్రాఫులు, నోటీసులు రాసే ఎడిటర్ అన్నీ అందులోనే ఉండేవి.

యాప్ మొదలవగానే, కోడ్ ఫైళ్లని కలిపి బ్రౌజర్‌కి సిద్ధం చేసే బిల్డ్ టూల్ వెబ్‌ప్యాక్‌లోని రిక్వైర్ కాంటెక్స్ట్ అనే ఫంక్షన్ ఆ ఫోల్డరంతా తిరిగి, దొరికిన ప్రతి ఫైలునూ దాని పేరుతోనే గ్లోబల్‌గా (యాప్‌లో ఎక్కడైనా వాడుకునేలా) రిజిస్టర్ చేసేది. రాసేవాళ్లకి హాయే, ‘ఈ ఫైలు కావాలి’ అని ఎక్కడా ఇంపోర్ట్ రాయక్కర్లేదు. కానీ అలా రిజిస్టర్ చేసినదాన్ని ఏ స్క్రీనూ వాడకపోయినా బిల్డ్ టూల్ తీసేయలేదు. అందుకే లాగిన్ పేజీ తెరిచిన స్కూల్ క్లర్క్ ఫోన్‌లోకి కూడా గ్రాఫుల లైబ్రరీ, ఎడిటర్ మొత్తం దిగేవి. రెండు పెట్టెలు, ఒక బటన్ ఉన్న పేజీ కోసం సిగ్నల్ సరిగా లేని చోట ఒక మనిషిని అంతసేపు కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. పైగా ఒకే పేరుతో రెండు సబ్‌ఫోల్డర్లలో ఫైళ్లుంటే వెనక వచ్చింది ముందుదాన్ని తోసేసేది, వ్యూ 2లో దానికి హెచ్చరిక కూడా రాదు. ఫీజుల స్క్రీన్‌లో హాజరు బ్యాడ్జ్ కనిపించేది, కారణం అదే. వ్యూ 3లో డెవలప్‌మెంట్‌లో కనీసం ‘ఈ పేరు ఇప్పటికే ఉంది’ అని చెబుతుంది.

ఎలా విడగొట్టాలన్న దాని మీద టీమ్‌లో చాలా వాదన జరిగింది. ముక్కల్ని చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా మెట్లుగా సర్దే అటామిక్ డిజైన్‌లోలాగా ఆటమ్స్, మాలిక్యూల్స్, ఆర్గానిజమ్స్ అని పెడదామని కొందరన్నారు. మంచి పద్ధతే, డిజైన్ సిస్టమ్ (అన్ని స్క్రీన్లకీ ఒకే రూపం ఇచ్చే ముక్కలు, నియమాలు) కోసం ప్రత్యేకంగా టీమ్ ఉన్నచోట బాగా పనికొస్తుంది. మాలాంటి చిన్న టీమ్‌లో మాత్రం వెతుకుడు పెట్టె ఏ గదిలోకి వస్తుందో తేల్చుకోవడానికే పూట గడిచిపోతుంది. నేను ఒకే ప్రశ్న మీద నిలబడ్డాను: దీన్ని ఎవరు వాడుతున్నారు? ఒక్క స్క్రీనే వాడితే ఆ స్క్రీన్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఫీజుల విభాగంలో నాలుగు స్క్రీన్లు వాడితే ఫీజుల ఫోల్డర్‌లో ఉంటుంది. వేరే విభాగానికి కూడా కావాల్సి వచ్చి, అప్పుడు కూడా ఫీజు, విద్యార్థి అనే మాటలు లోపల తెలియకుండా ప్రాప్స్ (బయటి నుంచి అందే విలువలు), ఈవెంట్లతోనే (బయటికి పంపే కబుర్లు) బతకగలిగితేనే కామన్‌లోకి వస్తుంది. ఈ చివరి షరతు వల్లే టేబుల్‌ని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. వరుసలు, నిలువు గడులు, సార్టింగ్ తెలిసిన మామూలు టేబుల్ కామన్‌లోకి పోయింది, సర్వర్ నుంచి బాకీలు తెచ్చి దానికి అందించేది ఫీజుల దగ్గరే ఉండిపోయింది. కామన్‌లో ఉన్నవాటికి వ్యూ స్టైల్ గైడ్ చెప్పినట్టే ‘బేస్’ అని ముందు తగిలించాం.

ఫోల్డర్లు కుదిరాక లోడింగ్ సంగతి సగం తేలిపోయింది. బేస్ కాంపొనెంట్లు చిన్నవి, ప్రతి స్క్రీన్‌లో ఉండేవి కాబట్టి వాటిని మాత్రం గ్లోబల్‌గానే ఉంచాం. వీట్‌లో (వెబ్‌ప్యాక్ బదులు ఇప్పుడు వాడుతున్న బిల్డ్ టూల్) రిక్వైర్ కాంటెక్స్ట్ ఉండదు, దాని బదులు ఇంపోర్ట్ మెటా గ్లోబ్ వాడాలి. దీనికి ఈగర్ ట్రూ అని ఇవ్వకపోతే ఒక్కో ఫైలుకి ఒక్కో ఫంక్షన్ వస్తుంది, దాన్ని పిలిచినప్పుడే ఫైలు దిగుతుంది. బటన్‌కి, ఇన్‌పుట్‌కి కూడా విడివిడిగా రిక్వెస్టులు పోవడం అనవసరం కాబట్టి ఇక్కడ ఈగర్ ఇచ్చాం. ఫైళ్ల దారిని (పాత్) వేరియబుల్‌లో పెట్టి పంపితే పని చేయదు, నేరుగా స్ట్రింగ్‌గానే రాయాలి, ఎందుకంటే వీట్ దాన్ని కోడ్ నడవకముందే చదివేస్తుంది.

విభాగాలవి మామూలు ఇంపోర్ట్‌తోనే వస్తాయి, వ్యూ ఫైలులో కోడ్ రాసే స్క్రిప్ట్ సెటప్‌లో ఇంపోర్ట్ చేస్తే చాలు, వేరే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గ్రాఫులు, ఎడిటర్ లాంటి బరువైనవి, అవసరమైనప్పుడే కాంపొనెంట్‌ని దింపే డిఫైన్ అసింక్ కాంపొనెంట్‌లో చుట్టాం. ‘లోడవుతోంది’ అని చూపే కాంపొనెంట్ ఇస్తే అది 200 మిల్లీసెకన్ల తర్వాతే కనిపిస్తుంది, మంచి నెట్‌వర్క్‌లో తెర మిణుకుమనకుండా అలా పెట్టారు, మేం మార్చలేదు. టైమ్‌అవుట్ మాత్రం మీరే ఇవ్వాలి, ఇవ్వకపోతే అది ఎంతసేపైనా ఎదురు చూస్తూనే ఉంటుంది. రూట్లకి (ఒక్కో అడ్రస్‌కి ఏ పేజీ తెరవాలో చెప్పేవి) ఇది వాడకండి, రౌటర్‌కి డైనమిక్ ఇంపోర్ట్ ఫంక్షన్‌ని నేరుగా ఇస్తే సరిపోతుంది.

లాగిన్ పేజీ తేలికపడింది. కొత్తగా వచ్చిన టెన్షన్ వేరు. క్లర్కులు పొద్దున తెరిచిన ట్యాబ్‌ని సాయంత్రం దాకా మూయరు. మధ్యలో మేం కొత్త వెర్షన్ పెడితే ఫైళ్ల పేర్లలోని హ్యాష్ (లోపలి కోడ్‌ని బట్టి వచ్చే అక్షరాల గుర్తు) మారిపోయి, పాత ఫైళ్లు సర్వర్‌లో ఉండవు, రిపోర్టులు నొక్కితే ఏమీ తెరుచుకోదు. ఇలాంటప్పుడు వీట్ ప్రీలోడ్ ఎర్రర్ అనే ఈవెంట్ పంపుతుంది, దాన్ని పట్టుకుని పేజీ రీలోడ్ చేయొచ్చు. కానీ సగం నింపిన రసీదు పోతే క్లర్క్ మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాలి. అందుకని ‘కొత్త వెర్షన్ వచ్చింది’ అని చెప్పి రీలోడ్ బటన్ చూపిస్తున్నాం, పాత బిల్డ్ ఫైళ్లని కూడా కొంతకాలం సర్వర్‌లో ఉంచుతున్నాం.

ఇప్పుడు వాదన క్యాలెండర్ మీద నడుస్తోంది. ఫీజులవాళ్లకీ కావాలి, హాజరువాళ్లకీ కావాలి, కానీ హాజరులో సెలవులు తెలియాలి. టేబుల్‌ని విడదీసినట్టే దీన్నీ విడదీయాలని నా పట్టు.