"చూద్దాంలే" అన్నాను, అదీ బాధ

పదకొండున్నర అయింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగినా కాలిన రెక్సిన్ వాసన పోలేదు. ఈ వాసనతో నాకు నిద్ర రాదు, అందుకే ఇది రాస్తా ఉన్నాను.

పొద్దున తిరుపతి ఆటోనగర్‌లో మా సీట్లు కుట్టే షాపు తీసీ తీయకముందే ఒక టెంపో వచ్చి నిలబడింది. నిండా సీట్లు. విమానం దిగినాక బిల్డింగు దాకా జనాన్ని మోసుకుపోయే పెద్ద బస్సులు ఉంటాయి చూడండి, వాటివి. ఏ ఎయిర్‌పోర్టు అని అడగొద్దు, చెప్పను. మన రేణిగుంట కాదు, అంతవరకు చెప్తాను. లేకపోతే రేపు మా మరిది ఫోను చేసి నా ప్రాణం తీస్తాడు.

సీట్లే వచ్చినాయి, బస్సులు రాలేదు. రాలేవు కూడా. మన రోడ్డు మీద తిరిగే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటగూడదని రూలు. ఇవి 3 మీటర్లు, పొడుగు 14 మీటర్ల దాకా. గేటు దాటి బయటికి వచ్చే దారే లేదు వాటికి. ఒకసారి ట్రైలర్ మీద లోపలికి పోతే, మళ్ళీ తుక్కుగానే బయటికి. పుట్టింటికి పంపించని అత్తగారింట్లో పడిన కోడలి మాదిరి. (మా అత్త ఇది చదవదు. చదివినా ఆమె నన్ను పంపించింది, ఆ మాట కూడా రాస్తా ఉన్నాను.)

బస్సుకు 14 సీట్లు. అంత పెద్ద బస్సుకు అంతే. మిగతా నూరు మందీ కమ్మీ పట్టుకుని నిలబడేదే. మూడు బస్సులవి కలిపి 42. మూడు వారాలకు సరిపడే పని, ఈ నెలలో మాకు అది చిన్న మాట కాదు.

తెచ్చినోడు పాతికేళ్ళ పిల్లోడు. కాంట్రాక్టరు మనిషి. మర్యాదగానే మాట్లాడినాడు. "అక్కా, రంగు అదే నీలం. కొత్తగా కనబడాల, అంతే. వారంలో మొదటి బస్సువి ఇచ్చేయండి." సరే అన్నాను. పోతా పోతా టెంపో తలుపు పట్టుకుని, ఏదో ఉప్పు అడిగినట్టు అన్నాడు: "బిల్లులో మాత్రం ఎఫ్ఆర్ రెక్సిన్ అని రాయండక్కా. వేసేది మామూలుది వేయండి, ఎవురు చూస్తారు."

ఎఫ్ఆర్ అంటే మంట అంటుకోనిది, అంటుకున్నా నిదానంగా కాలేది. రేటు మామూలు దానికి రెట్టింపు కన్నా రొంత తక్కువ.

నేనేమన్నానో చెప్పనా? "చూద్దాంలే" అన్నాను.

ఆ మాట పొద్దున్నుంచీ గొంతులో చేపముల్లు మాదిరి ఉంది. మన ఊళ్ళో చూద్దాంలే అంటే ఏమని అర్థం? పెళ్ళికి రమ్మంటే చూద్దాంలే, చీటీ కట్టమంటే చూద్దాంలే, అప్పు అడిగితే చూద్దాంలే. చెప్పేవాళ్ళకు అది "వద్దు". వినేవాళ్ళకు అది "సరే". ఆ పిల్లోడు నవ్వుకుంటా టెంపో ఎక్కినాడంటే వాడికి సరే అనే వినబడింది. వాడికి ఎందుకు వినబడదు, నేను అన్నది కూడా అట్లాగే గదా. ఒక అక్షరం తక్కువ పెట్టి "వద్దు" అని ఉంటే ఏం పోయేది? 42 సీట్లు పోయేవి. అదీ లెక్క.

మా ఆయనకు చెప్పినాను. మీకు తెలుసు గదా, మా షాపులో నేను కుట్టేది, ఆయన కొట్టేది. సుత్తి ఆపకుండా "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" కు నా "చూద్దాంలే" కన్నా ఎక్కువ అర్థాలు ఉన్నాయి, పెళ్ళై ఇరవై ఆరేళ్ళయినా సగమే తెలిసినాయి.

కోపంతోనే మొదటి సీటు విప్పినాను. అప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే: పదిహేనేళ్ళ బస్సులకు ఈ సోకులెందుకు, తుక్కుకు తోలేయక? పైన నీలం రెక్సిన్ వేస్తే లోపల ముసలితనం పోతాదా? ఈ మాట మా ఆయనతో గట్టిగానే అన్నాను. కుట్టు విప్పితే లోపల ఫోము పసుపు పిండి మాదిరి రాలింది. దాని సందులో ఒక బోర్డింగు పాసు ముక్క, ఒక క్లిప్పు, ముక్కుపుడక మర ఒకటి. పుడక లేదు, మర ఒక్కటే. ఆవగింజంత. ఎవరో ఆడమనిషి ఇంటికి పోయి అద్దంలో చూసుకుని, ఎక్కడ పడిందో తెలీక సూట్‌కేసు మొత్తం దులిపి ఉంటాది. గుండీల డబ్బాలో వేసినాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

ఫ్రేము చూస్తే మాత్రం నోరు మూసుకున్నాను. ఒక్క చోట తుప్పు లేదు. వెల్డింగు గట్టిగా ఉంది. మన ప్రైవేటు బస్సుల సీటు ఫ్రేము ఐదేళ్ళకే కాళ్ళ దగ్గర పొరలు పొరలుగా లేస్తాది. మా ఆయనే చెప్పినాడు, ఈసారి సుత్తి ఆపి: "అది యాడికి పోయింది మే? విమానం దగ్గరి నుంచి గడప దాకా, గడప నుంచి విమానం దాకా. ఆటో కన్నా నిదానంగా. గుంతల్లేవు, ఘాట్ రోడ్డు లేదు." నిజమే. దానికి ఏండ్లు ఎక్కువ, కిలోమీటర్లు తక్కువ. అరిగేదంతా వేరేచోట. రెండు పక్కలా తెరుచుకునే పెద్ద తలుపులు, ఆ తలుపుల దగ్గర పెట్టెల చక్రాలు లాగే నేల, జనం కోసం ఒక పక్కకు వంగి మళ్ళీ లేచే ఎయిర్ బెలూన్లు, ఎండలో నిలబడి గంటలకొద్దీ తిరిగే ఏసీ. నేలా తలుపులూ మారిస్తే ఇంకో పదేళ్ళు మోస్తాది. కాబట్టి తుక్కు మాట వెనక్కి తీసుకుంటా ఉన్నాను.

మధ్యాహ్నం సంగటి తింటా ఈ బస్సుల సంగతి ఇంటి గ్రూపులో పెట్టినాను. మా తోడికోడలి కూతురు వర్జీనియాలో ఉంది గదా, అక్కడ వాళ్ళకు రాత్రి, ఇంకా మేలుకునే ఉంది. వెంటనే ఒక వీడియో పంపింది. వాషింగ్టన్ పక్కన డల్లెస్ ఎయిర్‌పోర్టు. బస్సు కాదు అది, చక్రాల మీద నడిచే హాలు. 54 అడుగుల పొడుగు, 16 అడుగుల వెడల్పు. రెండు కొసలా డ్రైవరు గది, వెనక్కి తిప్పే పనే లేదు. 1962లో ఆ ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి ఆలోచన అది. డిజైన్ చేసిన ఏరో సారినెన్ 1961లోనే పోయినాడు, తెరవడం చూడలేదు. జనం విమానం దగ్గరికి నడిచి పోవడం ఎందుకు, కూర్చున్న గదినే విమానం దగ్గరికి తోలుకుపోదాం అనుకున్నాడంట ఆ మహానుభావుడు. 102 మంది పట్టేట్టు కట్టినారు, అందులో 71 మందికి సీట్లు. మా 14 సీట్లు గుర్తొచ్చి సిగ్గేసింది.

2010లో భూమి లోపల రైలు వేసినా ఆ హాళ్ళను పూర్తిగా మాన్పలేకపోయినారంట. బాగుచేసి నడుపుదామా, మొత్తం తీసేద్దామా అని అక్కడ కూడా వాదన. అరవై ఏళ్ళు దాటిన బండిని ఇంకా నడుపుతా ఉన్నారే అని ఎంత మురిసిపోయినానో. ఆమె కిందనే ఇంకో మెసేజు పెట్టింది: 2025 నవంబరులో అందులో ఒకటి గేటు దగ్గర గుద్దుకుంటే 18 మందిని ఆసుపత్రికి తీసుకుపోయినారంట. సంగటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎంతసేపు? నిమిషం. తర్వాత తిన్నాను, ఊరుబిండి బాగుండింది.

సాయంత్రం మా నాయన గుర్తొచ్చినాడు. ఆయన గురించి ముందొకసారి రాసినాను గానీ ఈ సంగతి రాయలేదు.

లీలామహల్ దగ్గర చిన్న రేకుల షెడ్డు. కొండకు పోయే వ్యాన్లు, టాక్సీల సీట్లు కుట్టేవాడు. కొండ బండి సీటుకు వచ్చే రోగం మీకు చెప్పనక్కర్లేదు. వాంతులు. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే ఎక్కువ. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, ఆ మలుపులకు కడుపులో ఉన్న లడ్డూ కూడా నిలబడదు. కడిగిన నీళ్ళు కుట్టులోంచి లోపలికి దిగి, కింద కొబ్బరి పీచు కుళ్ళి, ఏడాదికల్లా బండి వాసన. అందుకని నాయన కుట్టు పైకి కనబడకుండా, సీటు అంచు కిందికి మడిచి, మైనం పట్టించిన నైలాన్ దారంతో వేసేవాడు. మైనం రుద్దేది నేను. తొమ్మిదేళ్ళు నాకు. వేళ్ళు రెండూ అంటుకునిపోయేవి, పలక మీద సుద్ద నిలిచేది కాదు, టీచరు తిట్టేది.

దారం కొనేటప్పుడు నాయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. అంగట్లోనే ఒక కొస తెంపి బీడీ నిప్పుకు ఆనించేవాడు. ముడుచుకుని గట్టి పూస మాదిరి ముద్ద కడితే నైలాన్. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. నూలు దారానికి మెరుపు పట్టించి నైలాన్ అని అంటగట్టేవాళ్ళు అప్పట్లో. "చూడు పాపా, ఈ దొంగ నాబట్ట నూలు ఇచ్చినాడు" అని అంగడోడి ముందే అనేవాడు. నాకు చచ్చేంత సిగ్గు.

ఒకసారి ఒక వ్యాను ఓనరు పని బాగుందని మా ఇంటిల్లిపాదినీ ఆ కొత్త సీట్ల మీదే కొండకు తీసుకుపోయినాడు. దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు, మీరు ఊహించిందే, ఆ కొత్త సీటు మీద మొదటి వాంతి నాది. అమ్మ నన్ను వీపు మీద ఒకటేసింది. ఓనరు ముఖం చూడాల. నాయన మాత్రం బండి ఆపించి, చెంబు నీళ్ళు పోసి తుడిచి, సీటు అంచు ఎత్తి కిందికి వేలు పోనిచ్చి, నవ్వుతా వేలు పైకెత్తి చూపించినాడు. "ఒక్క చుక్క దిగలేదు, చూడన్నా!" ఆ వేలు పొడిగా ఉంది. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న సంతోషం వెంకన్న దగ్గర కూడా లేదు.

అదే బుద్ధి నాకూ వచ్చినట్టుంది. రాత్రి అన్నాలైనాక మూడు ముక్కలు కోసుకుని మిద్దె మీదికి పోయినాను. ఒకటి షాపులో ఉన్న మామూలు రెక్సిన్, ఒకటి ఎఫ్ఆర్ శాంపిలు, ఒకటి ఆ ఎయిర్‌పోర్టు సీటు మీది పాత కవరు. బస్సు లోపలి సామాను నిమిషానికి 100 మిల్లీమీటర్ల కన్నా వేగంగా కాలగూడదు. ఐఎస్ 15061 అని దానికి లెక్క ఉంది. సరైన పరీక్ష గాలి తగలని డబ్బాలో ముక్కను అడ్డంగా పట్టి, 15 సెకన్లు మంట పెట్టి చేస్తారు. నాకు మా అత్త ప్లాస్టిక్ కుర్చీ, బట్టల క్లిప్పు, చిన్నోడి ఫోను.

మామూలుది భగ్గున అందుకుంది. ఆపకపోతే క్లిప్పు దాకా వచ్చేదే. నల్లని పొగ, కరిగి చుక్కలు చుక్కలుగా కింద పడతా ఉంటే ప్రతి చుక్కా సుయ్యిమంటా మండుతానే పడింది. ఎఫ్ఆర్ ముక్క నల్లబడింది, అగ్గిపుల్ల తీస్తే కాసేపటికి ఆరిపోయింది. పాత కవరు, పదిహేనేళ్ళది, పిగిలిపోయి మడతల్లో మట్టి పట్టినది, అదీ ఆరిపోయింది. చిన్నోడు "అమ్మా, పాతదే గెలిచింది" అన్నాడు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు.

అప్పుడే మిద్దె మీద నుంచే ఆ పిల్లోడికి మెసేజు పెట్టేసినాను. "ఎఫ్ఆర్ అయితేనే కుడతాం. లేదంటే రేపు టెంపో పంపించి సీట్లు ఎత్తుకుపోండి." గుండె దడదడ. వాడు తిడతాడు, బేరమాడతాడు, వేరే షాపు పేరు చెప్పి బెదిరిస్తాడు అని జవాబులన్నీ తయారు చేసుకున్నాను. రెండు నిమిషాలకు వచ్చింది: "సరే అక్కా. మీటరు ఎంత?"

అంతే! పొద్దున్నుంచీ నేను నమిలిన ముల్లు వాడికి అంత సులువు. దానికి కూడా కోపం వచ్చింది, నిజం చెప్తా ఉన్నాను.

ఇంతటితో నిద్ర పట్టాల. పట్టలేదు. పడుకుంటే ఇంకొకటి వచ్చి కూర్చుంది. రెండేళ్ళ కింద ఒక బడి వ్యాను సీట్లు కుట్టినాను. పసుపు వ్యాను. వాళ్ళు ఎఫ్ఆర్ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు ఏ మిద్దె మీదా ఏ ముక్కా కాల్చలేదు నేను. రేటు తక్కువ చెప్తే పని వస్తాదని మామూలుదే వేసినాను. ఆ వ్యాను ఇప్పటికీ రోజూ పొద్దున ఎనిమిదింటికి మా షాపు ముందే పోతాది. డ్రైవరన్న హారన్ కొట్టి చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. పద్దెనిమిది మంది పట్టే బండి, ఇంకా ఎక్కువ మందినే ఎక్కిస్తాడు.

మా ఆయనను లేపి అడిగినాను, ఆ వ్యాను సీట్లకు ఎన్ని మీటర్లు పట్టింది అని. కళ్ళు తెరవకుండానే "ఇరవై రెండు" అన్నాడు. ఆలోచించాల్సిన అవసరం లేకుండానే చెప్పినాడంటే ఆయన బుర్రలో కూడా అదే తిరుగుతా ఉందేమో, లేక ఆయనకు ఎప్పుడూ కొలతలు గుర్తుంటాయో. ఇరవై రెండు మీటర్లు, మా డబ్బుతోనే మార్చాల. ఎట్లా అని ఇంకా లెక్క వేయలేదు.

ఇంకొక సంగతి. మండుతా పడిన చుక్కలకు మా అత్త ప్లాస్టిక్ కుర్చీలో మూడు బొక్కలు పడినాయి, చిటికెన వేలు పట్టేంత. ఆమె పొద్దున కాఫీ తాగేది దాంట్లోనే. ఇప్పటికి గోడ వైపు తిప్పి పెట్టి దాని మీద తుండుగుడ్డ ఆరేసినాను.