పనసచెట్టు మీది మిరియం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎక్కడికైనా ప్రయాణం అనుకుంటే ముందుగా చూసుకున్నది సెలవులు ఎన్ని మిగిలాయన్నదే. 2014 జూన్‌లో టెలిఫోన్ శాఖ నుంచి పదవీ విరమణ చేశాక ఆ లెక్క తీరిపోయిందనుకున్నాను. ఇప్పుడు బెంగళూరులోని అమ్మాయి ఇంటికి వారం రోజులు వెళ్లాలన్నా, పెరట్లో ఏ మొక్క ఏ దశలో ఉన్నదో చూసుకున్న తరువాతే టికెట్టు తీస్తున్నాను. ఆ రోజుల్లో పై అధికారిని ఎలాగోలా ఒప్పించుకునేవాణ్ణి. మొక్కలను ఒప్పించే ఉపాయం నాకింకా తెలియలేదు.

నిజానికి తోటపని మీద నాకు మొదటినుంచీ ఆసక్తి ఉన్నదని చెప్పలేను. నేను విరమణ చేసిన నాలుగు నెలలకే, అక్టోబరు 12న, విశాఖను హుద్‌హుద్ తుపాను కుదిపేసింది. మర్రిపాలెంలోని మా ఇంటి వెనుక మామిడి, వేప, మునగ ఒక్క రోజులో నేలకూలాయి. సగం కొమ్మలు పోగొట్టుకుని పనస ఒక్కటే నిలబడింది. తెల్లవారి వంటింటి కిటికీ తెరిస్తే ఎన్నడూ కనిపించని వెనుక వీధి మొత్తం కనిపించింది. ఆ బోసితనం చూడలేక మొదట బంతి నారు, తరువాత బెండ, ఆనప వేశాను. మిరియం సంగతి అప్పటికి నా ఊహలో కూడా లేదు.

2018 ఫిబ్రవరిలో అమ్మాయి వచ్చినప్పుడు, అప్పటికి ఆరేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని అందరం కిరండూల్ ప్యాసింజరులో అరకు బయలుదేరాం. అద్దాల బోగీలో చోటు దొరకలేదు గానీ, మామూలు పెట్టెలో కిటికీ ఊచలు పట్టుకుని కూర్చోవడంలో ఉన్న సుఖం దానిలో ఉంటుందని నేననుకోను. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి విశాఖ రేవుకు చేర్చాలని 1960 దశకంలో వేసిన మార్గం అది. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఈ దారిలో మొత్తం 58 సొరంగాలున్నాయని చెప్పగానే మనవరాలు వేళ్లతో లెక్క మొదలుపెట్టింది, కానీ ప్రతి సొరంగంలోనూ పెట్టెలోని పిల్లలందరితో కలిసి కేకలు వేయడంలో పడి ముప్పై దాటాక లెక్క మరిచిపోయింది.

ఆ దారి నాకు కొత్తది కాదు. 1986 ప్రాంతంలో తీగల మరమ్మతుల కోసం అనంతగిరి, అరకు ఎన్నోసార్లు తిరిగినవాణ్ణి. అయితే అప్పట్లో అక్కడి సిల్వర్ ఓక్ చెట్లు నా దృష్టిలో గాలివానకు విరిగి మా తీగల మీద పడే శత్రువులు మాత్రమే. వాటి నీడన కాఫీ పెరుగుతుందని, వాటి మొదళ్లను పట్టుకుని మిరియపు తీగలు పైకి పాకుతాయని చూసి కూడా చూడలేదు. అన్నేళ్లు తిరిగిన చోట ఏమేమి ఉన్నాయో ఆరేళ్ల పిల్ల వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనిపించలేదంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

అనంతగిరి దగ్గర ఒక తోటలో గింజలతో వేలాడుతున్న కంకులను చూసి, "తాతయ్యా, ఇవి మనింట్లో కూడా కాస్తాయా?" అని అది అడిగింది. కాయలున్న కొమ్మనే తుంచి ఇమ్మని నేను తోట యజమానిని అడగబోయాను. ఆయన నవ్వి, "అది పక్క కొమ్మ బాబూ, నాటితే పొదలాగే ఉండిపోతాది, చెట్టెక్కదు. నేల మీద పాకే తీగ పట్టుకెళ్లండి" అని మూడేసి కణుపులున్న రెండు ముక్కలు కోసి, తడి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పడమటి ఎండ తగలకుండా చెట్టుకు ఉత్తరం వైపు నాటమని కూడా చెప్పాడు.

మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన సంచుల్లో రెండూ వేళ్లు తొడిగాయి. జూలై వానలకు పనసచెట్టు మొదట్లో నాటాను. తమలపాకు తీగ అనుకుని మా ఆవిడ సంబరపడింది. ఆకు నలిపి వాసన చూపితే గానీ నమ్మలేదు. ఆమె పొరబాటులో తప్పేమీ లేదు. తమలపాకు, మిరియం, పిప్పలి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి.

మరుసటి సంవత్సరం ఆగస్టులో రెండు నెలలు ఉందామని బెంగళూరు వెళ్తూ, మొక్కలకు నీళ్లు పోయమని ఎదురింటి కుర్రవాడికి అప్పగించాం. మేమెక్కడ కోప్పడతామోనని వాడు వాన పడిన రోజున కూడా రెండు బకెట్లు పోశాడట. తిరిగి వచ్చేసరికి ఒక తీగ మొదలు నల్లబడి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. నీరు నిలిస్తే మిరియానికి మొదలుకుళ్లు వస్తుందని వాడికి చెప్పకపోవడం నా తప్పు. నీరు చాలకపోతే ఏమవుతుందోనని దారి పొడవునా బెంగపడ్డాను గానీ, ఎక్కువైతే ఏమిటన్న ఆలోచనే రాలేదు. లీటరు నీటికి మైలుతుత్తం, సున్నం పది గ్రాముల చొప్పున వేరువేరుగా కలిపి, తరువాత రెంటినీ ఒకటి చేసి బోర్డో మిశ్రమం తయారు చేసుకుని రెండో తీగ మొదట్లో పోశాను. పాదు మెరక చేసి నీరు పోయేందుకు కాలువ తీశాను.

2020లో రైళ్లు ఆగిపోయి అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఉండిపోయిన నెలల్లో ఆ తీగకు అరటినారతో కట్లు కట్టడం నా దినచర్య అయింది. వీడియో కాల్‌లో మనవరాలు ముందుగా మమ్మల్ని కాక దాన్నే చూపించమనేది. పూట పూటకీ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లవలసి వచ్చేది. "పిల్ల మనతో మాట్లాడుతోందా, చెట్టుతో మాట్లాడుతోందా?" అని మా ఆవిడ విసుక్కునేది గానీ, కాల్ వచ్చే వేళకు పాదు దగ్గర ఊడ్చి పెట్టేది కూడా ఆమే.

నాలుగేళ్లు నిండాక, 2022 వానలకు, ఆకుల పక్కన లేత కంకులు కనిపించాయి. పూత తరువాత గింజ ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది కాబట్టి, ఫిబ్రవరి వరకు ఆగి, కంకిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడ్డాక కోశాం. డాబా మీద చాప పరిచి ఎండబెడితే పచ్చగింజలు ముడుచుకుని నల్లబడ్డాయి, బరువు మూడో వంతుకు తగ్గింది. అంతా కలిపి ఒక గిద్దెడు. దుకాణంలో కొంటే పెద్ద ఖరీదు కాదు. వాటితో మా ఆవిడ పెట్టిన చారు మాత్రం దగ్గు లేకపోయినా రెండుసార్లు వేయించుకుని తాగాను. మిగిలినవి చిన్న సీసాలో పోసి బెంగళూరు పంపితే, వంటకు వాడనివ్వకుండా మనవరాలు తన పుస్తకాల అరలో దాచిందట.

ఇప్పుడు అమ్మాయి తన బాల్కనీకి ఒక మొక్క కావాలంటున్నది. "నాన్నా, ఇక్కడ ఎక్కడానికి చెట్టు లేదు, ఎలాగ?" అన్నది. ఆనాడు తోట యజమాని వద్దన్న పక్క కొమ్మే ఇక్కడ పనికివస్తుంది. కుండీలో పొదలా ఉండిపోతుంది కదా. నాలుగు కొమ్మలు కోసి వేళ్ల కోసం నాటితే రెండు బతికాయి. గురువారం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరుతున్నాం. ఎదురింటి కుర్రవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. నిన్న వాణ్ణి పిలిచి పాదు చూపించి, వేలు మట్టిలోకి దించి తడి తగలకపోతేనే ఒక చెంబెడు పోయమని చెప్పాను. "ఈసారి వాన పడితే పొయ్యనులెండి మాస్టారూ" అన్నాడు.