ఏసీ రిమోట్, స్టీలు గ్లాసులు

విశాఖపట్నంలో ఒక పాత డాబా ఇంటిని అద్దెకు తీసుకుని, 20 మంది కూర్చుని పనిచేసుకునే కోవర్కింగ్ స్పేస్‌గా, అంటే ఉమ్మడి ఆఫీసుగా మార్చినప్పుడు, పర్యావరణహితం అంటే మేడ మీద సోలార్ ప్యానెళ్లు బిగించడమేనని అనుకున్నాను. 5 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండ కాసిన రోజున సుమారు 20 యూనిట్లు ఇస్తాయి. అయితే సముద్రపు ఉప్పుగాలికి స్టాండ్ల బోల్టులు ఏడాది తిరగకుండానే తుప్పు పట్టడంతో, వాటిని మార్పించేదాకా గాలివాన వచ్చిన ప్రతిసారీ గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

అసలు కరెంటు ఖర్చంతా ఏసీలదే. ఒకరు 18 డిగ్రీలు పెడితే, పక్కన మరొకరు స్వెటర్ తొడుక్కుని పనిచేసేవారు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్న మాటను గోడకు అంటించినా ఎవరూ చదవలేదు. చివరికి పాత ఫ్యాన్లు తీసేసి, 75 వాట్లకు బదులు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు పెట్టించి, గాలి ఒంటికి తగిలేలా బల్లలు జరిపాక, 26 డిగ్రీల దగ్గర కూడా ఫిర్యాదులు ఆగిపోయాయి. రిమోట్ మాత్రం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంటుంది.

కాగితపు కప్పుల లోపలా ప్లాస్టిక్ పూత ఉంటుందని తెలిశాక స్టీలు గ్లాసులు తెప్పించాను. ఎవరి గ్లాసు వారు కడుక్కోవాలన్నది నియమం. సాయంత్రం ఆరింటికి సింకులో, అడుగున కాఫీ ఎండిపోయి, కనీసం ఏడు గ్లాసులు నా కోసం ఎదురుచూస్తుంటాయి.