గంబూట్లు, చెమట, మిన్నెసోటా మంచు

నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. నా కాళ్ళకు తెలిసిన చలి ఒక్కటే, డిసెంబరులో తెల్లవారుజామున అలిపిరి మెట్లు ఎక్కుతుంటే అరికాలికి తగిలే రాతి చల్లదనం. అలాంటి నాకు పోయిన అక్టోబరులో బావ ఫోన్ చేసి, "బామ్మర్దీ, నవంబరులో ఎలాగూ వస్తున్నావు కదా, జింకల వేట సీజన్ అప్పుడే, నాతో అడవికి రా, బూట్లు మాత్రం నీళ్ళు దిగనివి చూసి తెచ్చుకో" అన్నాడు. అక్కా వాళ్ళు ఉండేది అమెరికాలోని మిన్నెసోటాలో. అమ్మకు తెలిసి ఇల్లు పీకి పందిరేసింది. "కార్తీకమాసంలో వేటేందిరా, సిగ్గులేదా" అని. మన శేషాచలంలో జింకను వేటాడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలుకు పోవాలి, అక్కడ లైసెన్సు తీసుకుని, దూరం నుంచి వేరేవాళ్ళకు కనపడేలా నారింజ రంగు కోటు వేసుకుని పోతారు అని చెప్పినా వినలేదు. నేను తుపాకీ ముట్టుకోను, ఊరికే పక్కన కూర్చుంటానంటే సరేనంది.

బూట్ల కోసం ఊర్లో నాలుగు అంగళ్ళు తిరిగాను. చివరికి పొలాల్లో, పశువుల షెడ్లలో వేసుకునే నల్ల రబ్బరు గంబూట్లు కొన్నాను. రబ్బరులోంచి నీళ్ళు ఎట్లా దిగుతాయి, మంచు కూడా నీళ్ళే కదా, ఇదీ నా లెక్క. ఇంటికొచ్చి పరీక్ష కూడా పెట్టాను. బక్కెట్టు నిండా నీళ్ళు పోసి, సాక్సులు, బూట్లు వేసుకుని, కాళ్ళు అందులో పెట్టి అరగంట సేపు ఫోన్ చూస్తూ కూర్చున్నాను. తీస్తే సాక్సులు తడి! మండిపోయి అప్పటికప్పుడు అంగడికి పోయి గొడవ పెట్టుకున్నాను. అంగడాయన ఏమీ మాట్లాడకుండా ఒక బూటు లోపలంతా గుడ్డతో తుడిచి, నిండా నీళ్ళు పోసి, కింద న్యూస్‌పేపరు పరిచి దాని మీద నిలబెట్టాడు. పది నిమిషాలైనా పేపరు మీద ఒక్క చుక్క లేదు. "అది మీ చెమట సార్" అన్నాడు. నేనేమో అమ్ముకునేవాళ్ళు ఇట్లాగే చెప్తారులే అనుకుని, ఇక బేరమాడే ముఖం లేక వచ్చేశాను.

ఆయన చెప్పింది ఎంత నిజమో మిన్నెసోటా అడవిలో మొదటి రోజే తెలిసింది. కారు ఆపిన చోటు నుంచి మంచె దాకా మైలు నడక, మోకాలి కిందిదాకా మంచు, రెండు జతల నూలు సాక్సులు, పైన ఆ గంబూట్లు. నడుస్తున్నంతసేపూ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి, చలి అంటే ఇంతేనా అని లోపల్లోపల గొప్పగా కూడా అనిపించింది. మంచె ఎక్కి కూర్చున్నాక పావుగంటకు వేళ్ళు లాగడం మొదలైంది, గంటకు వేళ్ళున్నాయో లేదో తెలియలేదు. వేట అంటే పరుగులూ తుపాకీ మోతలూ అనుకునేవాళ్ళకు చెప్తున్నా, అది చాలావరకు కదలకుండా కూర్చోవడమే. కాలు టపటపలాడిస్తే జింక రాదు. నడిచినప్పుడు పట్టిన చెమట నూలు సాక్సుల్లో నిలిచిపోయింది, రబ్బరులోంచి బయటికి పోయే దారి లేదు, కూర్చోగానే అదే చల్లబడింది. గాలి కంటే నీళ్ళు ఒంటి వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయట. బయటి మంచు నా కాలిని ముట్టుకోనే లేదు.

బావ నా సాక్సులు పిండి చూసి నవ్వాడు. పక్కరోజు ఆయన పాత జత ఒకటి ఇచ్చాడు, పాక్ బూట్లు అంటారు. పాదం వరకు రబ్బరు, పైన చీలమండకు తోలు, లోపల విడిగా బయటికి తీయగలిగే మందపాటి ఫెల్ట్ (ఉన్ని లాంటి పోగుల్ని అదిమి చేసిన బట్ట) తొడుగు. రబ్బరు కిందా తోలు పైనా పెట్టి కుట్టిన వేట బూట్లను 1912లో ఎల్.ఎల్. బీన్ అనే అమెరికా వ్యాపారి అమ్మడం మొదలుపెడితే, తొలి వంద జతల్లో తొంభై జతలు కుట్లు ఊడి వెనక్కి వచ్చాయని, ఆయన డబ్బు తిరిగిచ్చేసి బాగుచేసి మళ్ళీ అమ్మాడని అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఈ బూట్లలో నాకు బాగా నచ్చింది ఆ తొడుగే. రాత్రి ఇంటికొచ్చాక బయటికి లాగి ఆరేస్తే తెల్లారేసరికి ఎండిపోతుంది. మామూలు బూట్లయితే లోపలి తడి రెండు రోజులైనా పోదు, తొందరపడి మంట దగ్గర పెడితే తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. న్యూస్‌పేపరు ఉండలు చుట్టి కుక్కడమే నయం.

బూటు ఒక సైజు పెద్దది తీసుకోవాలి, లోపల వేళ్ళు ఆడాలి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా అందదు, ఎంత ఖరీదైన బూటైనా కాలు గడ్డకడుతుంది. నేను చేసినట్టు రెండు జతల సాక్సులు కుక్కడం దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒక్క జత ఉన్నివి చాలు, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నూలుకు ఆ గుణం లేదు. ఇంకోటి, బూట్ల డబ్బా మీద 400, 800, 1000 గ్రాములు అని థిన్సులేట్ (చలి ఆపడానికి లోపల పెట్టే పొర) లెక్క రాస్తారు. అది బూటు బరువనుకుని నేను తెల్లమొహం వేశాను. లోపలి పొర చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. కూర్చునేవాళ్ళకు ఎక్కువ, నడిచేవాళ్ళకు తక్కువ. ఎక్కువున్నది వేసుకుని నడిస్తే మళ్ళీ చెమటే.

బావ కిటుకు ఇంకా తేలిక. పల్చటి సాక్సులతో మెల్లగా నడిచిపోతాడు, మంచె దగ్గర బూట్లు విప్పి, కాళ్ళు తుడుచుకుని, సంచిలో ఉన్న పొడి ఉన్ని సాక్సులు తొడుక్కుని అప్పుడు ఎక్కుతాడు. రెండో రోజు నేనూ అదే చేశాను, మూడు గంటలు హాయిగా కూర్చున్నాను. జింక మాత్రం రాలేదు, అమ్మ మొక్కుకుని ఉంటుంది.

మనవాళ్ళు చాలామంది ఇప్పుడు చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచుకొండ ట్రెక్కుకు పోతున్నారు, నన్నూ బూట్ల గురించి అడుగుతున్నారు. మీకు ఈ పాక్ బూట్లు వద్దు, రోజంతా నడకే కదా. తేలికపాటివి, లోపల గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్నవి చూసుకోండి, అది నీటి చుక్కను ఆపి చెమట ఆవిరిని వదులుతుంది. పైతోలు పూర్తిగా నానిపోతే ఆ పని మందగిస్తుంది కాబట్టి పైన నీళ్ళు అంటనివ్వని పూత వేయడం మానకండి. పిక్కల మీద గేటర్లు (బూటు పై అంచును, పిక్కను కలిపి కప్పే తొడుగులు) కట్టుకోండి, బూటు పై అంచులోంచి పడే మంచు లోపల కరిగితే ఏ పొరా కాపాడదు. గట్టి చలిలో పొడి మంచు దులిపితే రాలిపోతుంది, సున్నా డిగ్రీల దగ్గర బురదలా ఉండేదే బాగా తడిపేది.

గంబూట్లను మళ్ళీ సూట్‌కేసులో మోసుకొచ్చాను, పారేయబుద్ధి కాలేదు. చిత్తూరు దగ్గర మామ చెరుకుతోటకు రాత్రిపూట నీళ్ళు కడుతుంటాడు, పాముల భయం, ఆయనకిచ్చాను. మొన్న ఫోన్ చేసి, "ఏమబ్బా, ఈ బూట్లు ఓటివా, లోపలంతా తడి" అన్నాడు.