కర్నూలు పాతబస్తీలో బోటి

ఆదివారం పొద్దున్నే కొండారెడ్డి బురుజు చూసుకుని పాతబస్తీ సందుల్లోకి నడిచాం. నాతో లక్నో స్నేహితుడు ఉన్నాడు. మధ్యాహ్నం భోజనం పిన్ని వాళ్లింట్లో. మటన్ తెమ్మని ఆమే చెప్పింది కాబట్టి ఒక కొట్టు దగ్గర నిలబడ్డాం.

మా ముందున్నామె "భాయ్, ఒక బోటి ఇయ్యి" అంది. ఆయన బేసిన్‌లోంచి పొట్ట, పేగులు తీసి కవర్లో వేశాడు. మావాడు నా చెయ్యి పట్టుకుని "ఇది బోటీ ఏంటి?" అన్నాడు. వాళ్ల ఊళ్లో బోటీ అంటే మాంసం ముక్క. ఎముకలేని ముక్కల్ని సీకుకు గుచ్చి కాల్చేదే బోటీ కబాబ్. పొట్టను వాళ్లు ఓఝ్రీ అంటారు. మనకేమో బోటి అంటే పొట్టా పేగులే. తమిళులకూ కన్నడిగులకూ కూడా అంతే.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చి ఉర్దూలో బోటీలు చిన్నవి కొట్టమన్నాడు. ఈసారి మొద్దు మీద పడింది తొడ మాంసం. 1839 దాకా నవాబులు ఏలిన ఊరిది. ఇప్పటికీ రెండు భాషలూ ఒకే వీధిలో బతుకుతున్నాయి. తికమక పడవా భాయ్ అని అడిగా. "నోరు తెరిస్తేనే తెలిసిపోతాదన్నా. తెలుగులో అడిగితే పొట్ట, ఉర్దూలో అడిగితే ముక్కలు" అన్నాడు, కత్తి ఆపకుండానే. ఆ పనితనం చూస్తే నాకు ఎంత గౌరవం కలిగిందో!

కీమాకు ఈ గొడవ లేదు. తుర్కీ భాషలో 'కియ్మా' అన్నా, మనం ఖైమా అన్నా సన్నగా కొట్టిన మాంసమే.

మేం అరకిలో మటన్‌తో పాటు బోటి కూడా తీసుకున్నాం. కొట్లో కడిగిచ్చినా పిన్ని ఒప్పుకోలేదు. పొట్టను వేడినీళ్లలో ముంచి, కత్తి వెనకవైపుతో నల్లపొర గీకింది. కింద నుంచి తువాలు లాంటి నూగుతో తెల్లటి చర్మం బయటపడింది. పేగుల్ని పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ పట్టించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగింది. ఈ ఓపిక లేకపోతే బోటి జోలికి పోకపోవడమే మేలు. తర్వాత శనగపప్పు, అల్లం వెల్లుల్లి, ఎర్రకారం దట్టంగా వేసి కుక్కర్ పెట్టింది.

జొన్నరొట్టెతో మొదటి ముద్ద తిన్నాక మావాడు మసాలాలేంటో అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు, వాళ్లమ్మకు అర్థం కావాలని పైన 'ఓఝ్రీ' అని పెట్టి. మీరూ వెళ్తే పెందలాడే వెళ్లండి. ఆదివారం ఎండెక్కేసరికి బోటి అయిపోతుంది.