రాగికి స్పే ఎప్పుడు? ఆరో నెల నుంచి పదహారో నెల దాకా నా నోట్సు

రాగి మా ల్యాబ్రడార్. ఆడది, ఇటుక రంగు. బెంగళూరులో మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. స్పే, అంటే పిల్లలు పుట్టకుండా అండాశయాలు తీసేసే ఆపరేషన్, ఎప్పుడు చేయించాలో తేల్చుకోవడానికి ఆరో నెల నుంచి రాసుకున్నవి ఇవి. పెద్ద జాతి కుక్కని పెంచేవాళ్లకి పనికొస్తాయని కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను.

6వ నెల

టీకాకి వెళ్తే క్లినిక్‌లో "వచ్చే వారం తీసుకురండి, స్పే చేసేద్దాం" అన్నారు. ఇప్పుడే ఎందుకని అడిగితే "అందరికీ ఇప్పుడే చేస్తాం" అన్నారు. అది నాకు జవాబులా అనిపించలేదు. వీధికుక్కలకి చిన్నప్పుడే చేయడం సబబే. మళ్లీ దొరుకుతాయో లేదో, ఒక్క సీజన్ తప్పినా ఆ వీధిలో ఇంకో ఈత పిల్లలు. ఇంట్లో లీష్ మీద ఉండే ల్యాబ్రడార్‌కి ఆ తొందర లేదు.

అసలు సంగతి ఎముకల్లో ఉంది. పొడుగాటి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు ఉంటాయి, ఎముక సాగేది అక్కడే. అవి గట్టిపడి మూసుకోవడానికి ఈస్ట్రోజన్ లాంటి హార్మోన్లు కావాలి. అండాశయాలు ముందే తీసేస్తే మూసుకోవడం ఆలస్యమై కాళ్లు కాస్త ఎక్కువ సాగుతాయి, కీళ్ల అమరిక మారుతుంది. చిన్న జాతుల్లో పెద్దగా తేడా కనబడదు. బరువైన జాతులకే తిప్పలు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు 2013లో గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు తిరగేశారు. ఏడాదిలోపు ఆపరేషన్ అయిన మగవాటిలో హిప్ డిస్‌ప్లేసియా (తుంటి కీలు సరిగా అమరకపోవడం), ఆపరేషన్ లేనివాటికన్నా రెట్టింపు కనిపించింది. 2020లో 35 జాతులకి విడివిడిగా సూచనలిచ్చారు. ల్యాబ్రడార్ ఆడదైతే ఏడాది దాటాక, మగదైతే 6 నెలలు దాటాక. జర్మన్ షెపర్డ్ అయితే ఆడా మగా రెండింటికీ 2 ఏళ్లు దాటాకే.

అలాగని ఏళ్ల తరబడి వాయిదా వేయడానికీ లేదు. మొదటి హీట్‌కి (ఎదకి రావడానికి) ముందే చేయిస్తే రొమ్ము గడ్డలు దాదాపు రావన్న మాట 1969 నాటి అధ్యయనంలోంచి వచ్చింది. 2012లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు ఆ ఆధారం బలహీనమన్నారు. అందుకని దాన్ని నేను కొంచెం తక్కువగానే లెక్కేశాను. గర్భసంచికి చీము పట్టే పయోమెట్రా మాత్రం అసలైన భయం. స్వీడన్ ఇన్సూరెన్స్ రికార్డుల ప్రకారం పదేళ్లు వచ్చేసరికి ఆపరేషన్ లేని ఆడకుక్కల్లో దాదాపు నాలుగోవంతుకి అది వచ్చింది. రెండూ తూచి చూసుకుని, ఒక్క హీట్ పోనిచ్చి రెండోది రాకముందే చేయిద్దామనుకున్నాం.

10వ నెల

వంటింటి తలుపు చట్రం మీద రాగి భుజం ఎత్తు పెన్సిల్‌తో గీస్తున్నాం. కింద గీతలు దూరదూరంగా ఉండేవి, ఇప్పుడు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఎత్తు దాదాపు ఆగినట్టే. గ్రోత్ ప్లేట్లు మూసుకున్నాయో లేదో ఖాయంగా చెప్పేది ఎక్స్‌రేనే, కానీ దానికోసమే ప్రత్యేకంగా తీయించక్కర్లేదన్నారు డాక్టర్‌గారు. నున్నటి టైల్స్ మీద జారకుండా హాల్లో రబ్బరు మ్యాట్లు వేశాం. ఆపరేషన్ ఎప్పుడైనా కీళ్లకి ఇది మంచిదే.

11వ నెల

హీట్ వచ్చింది. కింద వాపు, నేల మీద ఎర్రటి చుక్కలు. మా ఆయన పాత నిక్కరుకి తోక దూరేలా చిల్లు పెట్టి తొడిగాను, అరగంటలో పీకేసింది. తర్వాత డైపర్లే.

చాలామంది రక్తం ఆగగానే అయిపోయిందనుకుంటారు. అప్పుడే జాగ్రత్తగా ఉండాలి. మొదటి తొమ్మిది రోజులు, కాస్త అటూ ఇటూగా, మగవాటిని దగ్గరికి రానివ్వదు. ఎరుపు తగ్గి పలచని గులాబీ రంగులోకి వచ్చి, నడుం మీద చెయ్యి వేస్తే తోక పక్కకి పెడుతోందంటే ఆ రోజుల్లోనే కట్టు పడుతుంది. మూడు వారాలూ తెల్లవారకముందే నడక, పొట్టి లీష్. గేటు బయట వీధి మగకుక్కలు ఏ మూల నుంచి పసిగడతాయో గానీ బారులు తీరేవి.

హిందూపురం నుంచి అత్తయ్య ఫోన్ చేసి "ఒక్క ఈతన్నా ఈననియ్యండమ్మా, ఒంటికి మంచిది" అన్నారు. ఒకసారి ఈనితే ఆరోగ్యం అన్నదానికి ఆధారం లేదని, పిల్లలకి ఇళ్లు వెతకలేక మనమే ఆరోగ్యం పోగొట్టుకుంటామని చెప్పాను. నవ్వేశారు.

హీట్ మొదలైన తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. హీట్ అప్పుడు, అయిన వెంటనే, గర్భసంచికి రక్తప్రసరణ ఎక్కువ, ఆపరేషన్‌లో రక్తస్రావం పెరుగుతుంది. రెండు మూడు నెలలు ఆగాలి. ఆ మధ్యలోనే పయోమెట్రా కూడా వచ్చేది. నీళ్లు ఎక్కువ తాగడం, తిండి మానేయడం, చెడు వాసనతో స్రావం కనబడితే ఆ రోజే పరుగెత్తాలి. కొన్నిటిలో స్రావం బయటికే రాదు, అవి ఇంకా ప్రమాదం.

14వ నెల

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష. కిడ్నీ, లివర్ బాగున్నాయి. ప్లేట్‌లెట్లు లక్ష కూడా లేవు, మామూలుగా రెండు లక్షల పైన ఉండాలి. టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జబ్బు. గంతులేస్తూ తిరుగుతున్న కుక్క, తిండి ఓ ముద్ద తగ్గిందంతే. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కత్తి పెడితే రక్తం గడ్డకట్టదు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, మళ్లీ పరీక్ష, అప్పుడే తేదీ. ఏ డాక్టరైనా ఈ పరీక్ష లేకుండానే చేసేస్తానంటే నేనైతే వేరేచోటికి వెళ్తాను. మన దగ్గర పిడుదులకి సీజన్ అంటూ లేదు.

హీట్‌కీ హీట్‌కీ మధ్య సుమారు ఆరేడు నెలలు కాబట్టి ఈ ఆలస్యం ఇమిడిపోయింది. హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి కూడా అనుకున్నాం గానీ, కుట్లతో ఉన్న కుక్కని రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో తేవడం ఇష్టంలేక దగ్గర్లోనే చేయించాం. రేటు అడిగేటప్పుడు అందులో గ్యాస్ మత్తు, సెలైన్, నొప్పి ఇంజెక్షన్, కోన్ (కుట్లు నాక్కోకుండా మెడకి తొడిగే గరాటు) ఉన్నాయో లేదో విడివిడిగా అడగండి. తక్కువ రేటు చెప్పినచోట ఇవే ఉండవు.

15వ నెల

ఆపరేషన్ అయింది. సాయంత్రానికి ఇంటికి పంపారు. రెండు వారాలు కోన్, మెట్లు లేవు, సోఫా లేదు, స్నానం లేదు. కోన్‌తో ప్రతి తలుపునీ గుద్దుకుంటూ తిరిగింది. మనుషుల నొప్పి మాత్రలు, పారాసిటమాల్ అయినా ఐబుప్రోఫెన్ అయినా, సొంతంగా ఇవ్వకూడదు.

16వ నెల

అసలు పని ఇప్పుడు మొదలైంది. స్పే తర్వాత కేలరీల అవసరం తగ్గుతుంది, ఆకలి తగ్గదు. తిండి దాదాపు నాలుగోవంతు కోసి, కిచెన్ స్కేలు మీద తూచి పెడుతున్నాను. అరచేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి, అదే నా కొలత. బరువున్న ఆడకుక్కల్లో స్పే తర్వాత నిద్రలో మూత్రం కారడం ఉంటుందట, రోజూ పొద్దున్నే పరుపు తడిమి చూస్తున్నాను. ఇంతవరకు పొడిగానే ఉంది. వస్తే మందులున్నాయి.

పక్క బ్లాక్ ఆయన జర్మన్ షెపర్డ్ మగది, 14 నెలలు. "మీరు చేయించారు కదా, మేమూ చేయించేస్తాం" అన్నారు. మీదానికి నా లెక్క పనికిరాదండీ, రెండేళ్లు దాటనివ్వండి అన్నాను. ఈలోపు వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో చూపించమన్నాను. ఒకటి కడుపులోనే ఉండిపోతే ముందుముందు అక్కడ గడ్డ వచ్చే ముప్పు ఎక్కువ, అప్పుడు ఎలాగూ తీయించాల్సిందే. ఆయన ఇంతవరకు చూడనేలేదట. శనివారం డాక్టర్‌గారి దగ్గరికి తీసుకెళ్తానన్నారు.